ఊఁ కొట్టని కథ

మా చిన్నప్పుడు... మృగశిర కార్తె దగ్గరపడుతోందంటే మా పడసాల నిండా బుడ్డలే. వేరుశనగ కాయల్ని మా అనంతపురం వైపు అట్లే అంటాం. విత్తనం కోసం దాచినవి. మధ్యాహ్నం పూట వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి, రాశి చుట్టూ కూర్చుని, బొటనవేళ్ళు పొక్కులెక్కేదాకా ఒలిచేవాళ్ళు...

విత్తనం నోట్లో వేసుకోకూడదు. అది మా అవ్వ పెట్టిన చట్టం. వానల్లేని ఊళ్ళో, కడుపు కాలే మనిషి చేతికి పప్పు ఇచ్చి తినొద్దంటే ఎట్లా? దానికి అవ్వ దగ్గర ఒక మందుండేది. మా సరోజక్కతో సినిమా కథ చెప్పించేది. వినేవాళ్ళంతా ఊఁ కొట్టాలి. నోట్లో పప్పున్న మనిషి ఊఁ అంటే వేరేగా వినపడుతుంది కదా...

"సుంకమ్మా, నీ ఊఁ ఏమో లావైనాదే. యాడ, నోరు తెరు సూద్దాం" అనేది అవ్వ.

"ఏమత్తా, దగ్గొచ్చినా దొంగతనమేనా?" అంటూ పక్కింటి సుంకమ్మత్త ఆ పప్పును మింగేసి నవ్వేది.

అక్క బెళుగుప్ప టెంటులో చూసొచ్చినవన్నీ ప్రేమ సినిమాలే. గొప్పింటి పిల్ల, పేదింటి పిల్లోడు, మీసం దువ్వే నాయన, మధ్యలో ఒక వాన పాట. ఆ వాన పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ ముందుకు పోయేది కాదు.

"ఎంత వాన పడిండాది పాపా?" సుంకమ్మత్త అడిగేది.

"బాగా పడిండాది అత్తా. ఇద్దరూ తడిసి ముద్దైనారు."

"వాళ్ళ సంగతి ఇడిసిపెట్టు మే. చేను తడిసిందా, విత్తేకి పదునైందా, అది సెప్పు."

నవ్వుకోండి. ఆ పాటలో మాకు నమ్మబుద్ధి కానిది ప్రేమ కాదు, వాన.

చివర్లో ప్రేమికులు చచ్చిపోతే అవ్వ ఒప్పుకునేది కాదు. "కలిపెయ్ మే వాళ్ళని. కులమేమన్నా కూడు పెడతాదా?" అనేది. అక్క అక్కడికక్కడే కథ మార్చి పెళ్ళి చేసేసేది. అందరూ కొంగుతో కళ్ళు తుడుచుకుని నిండుగా ఊఁ... అనేవాళ్ళు.

ఎనభైల మొదట్లో, ఒక మధ్యాహ్నం అక్క కొత్త కథ ఎత్తుకుంది. ఒక రైతు కూతురు. వాళ్ళ చేలో పని చేసే ఒక పిల్లోడు. ఆ పిల్ల రోజూ సద్ది తీసుకుపోతుంది. అతను చేతికి తీసుకోడు. ముట్టుకోకూడదని, గట్టు మీద పెట్టమంటాడు. ఒకరోజు ఆ పిల్ల గట్టు మీద పెట్టలేదు. చేతికే ఇచ్చింది...

ఊఁ... ఊఁ... అందరి కళ్ళల్లో అప్పటికే నీళ్ళు.

"ఇది యా సినిమా మే, మేం సూసిందే కాదు" అంది సుంకమ్మత్త.

అక్క చేతిలో బుడ్డ అట్లే పట్టుకుని చెప్పింది. "సినిమా కాదత్తా. పిల్లోడు మన మారెప్ప. ఆ పిల్ల నేనే. కలిపెయ్యమని నాయనకు మీరే సెప్పల్ల."

ఊఁ రాలేదు.

ఎవరి నోట్లోనూ పప్పు లేదు. అయినా రాలేదు... కాయలు పగిలే చప్పుడు కూడా ఆగిపోయింది. సుంకమ్మత్త ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచింది. "నేనేమీ ఇన్లేదు తల్లీ" అంది. అవ్వ తల ఎత్తకుండా, "సినిమా వేరే మే, ఇల్లు వేరే" అంది. "కూడు పెట్టని కులం" ఆ పూట ఎక్కడికి పోయిందో!

మాపటికల్లా నాయనకు తెలిసింది. ఎవరు చెప్పారని అడగకండి. ఊఁ కొట్టని నోర్లే చెప్పి ఉంటాయి. ఆ కార్తె దాటకముందే అక్కకు మేనమామతో పెళ్ళైంది. మారెప్పను పనిలోంచి తీసేశారు. బళ్ళారికి పోయినాడన్నారు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆ ఏడు వాన సరిగా పడక విత్తేకి పదును కాలేదు. అంత కాపాడిన విత్తనాన్ని పెనం మీద వేయించుకుని మేమే తిన్నాం. ఆ రోజు ఊఁ కొట్టమని అవ్వ ఎవర్నీ అడగలేదు...

"ఆనాటి ప్రేమకథలే వేరు, మనసులు కరిగేవి" అని ఈ గ్రూపులో చాలామంది రాస్తుంటారు. కరిగి ఏమైంది, చెప్పండి? ఈ కథలు ఇన్నేళ్ళయినా ఎందుకు చావవో నాకు తెలుసు. ఇంట్లో గొంతు నులిమినదాన్ని తెర మీద చూసి ఏడవడం తేలిక. ఏడ్చినందుకు మనం మంచివాళ్ళమని అనుకోవచ్చు కూడా. టెంటు పోయి టీవీ వచ్చింది, టీవీ పోయి చేతిలోకి ఫోను వచ్చింది. ప్రేమికులు వానలో తడుస్తూనే ఉన్నారు, నాయనలు మీసాలు దువ్వుతూనే ఉన్నారు. ఏమప్పా, కాదంటారా? అయితే రేపు మీ ఇంటి పిల్ల అట్లాంటి కథ ఎత్తుకున్నప్పుడు ఒక్కసారి ఊఁ కొట్టి చూడండి. మీ గొంతులోంచి వస్తుందేమో...

సరోజక్కకు ఇప్పుడు సాయంత్రమైతే సీరియల్ ఉండాలి. కథలు ఎవరికీ చెప్పదు. మొన్న వాళ్ళింటికి పోయినప్పుడు పక్కన కూర్చున్నా. ఏళ్ళ తరబడి అదే జంట, అదే గొడవ.

"వీళ్ళు ఎప్పుడు కలుస్తారక్కా?" అన్నాను.

"కలవరు. ఇడిపోరు గూడా. ఇది అయిపోదు పాపా. అందుకే సూస్తాండా."

నేను ఊఁ అన్నాను. ఆమెకు వినపడలేదనుకుంటా. టీవీ పెద్దగా మోగుతోంది...

అప్పట్లో కథ చెప్పే మనిషి, ఊఁ వస్తేనే ముందుకు పోయేది. ఇప్పుడు తెరకు మన ఊఁతో పని లేదు. మీ ఇళ్ళల్లోనూ కథ సగంలో ఆపేసిన అక్కలుంటారు. వాళ్ళెక్కడ ఆపేశారో, అక్కడిదాకే ఆ కథ ఇక్కడ రాయండి...