భూమన్నకు నేనివ్వని ఖో

నిన్న పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది.

"అన్నా... మీ దోస్తు లేస్తలేడే..."

భూమన్న భార్య లక్ష్మి. ఆ తర్వాత ఏడుపే.

ఎట్లా వెళ్లానో తెలీదు. వాళ్ల గడపలో చూసుకుంటే కాళ్లకు ఒక చెప్పు నాది, ఒకటి మా ఆవిడది.

అప్పటికే అయిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆర్మూర్ మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు పసుపు బస్తాలు మోసిన భూమన్న. నా క్లాస్‌మేట్. క్లాస్ అంటే, నేను తొమ్మిదితోనే స్కూల్‌కు దండం పెట్టినవాణ్ని. మిగతా చదువంతా మిర్చీలు కట్టిచ్చిన పేపర్లలో చదువుకున్నదే. అందుకే నాకు తెలిసినవాటికి ముందూ వెనకా ఉండదు, నూనె మరకలుంటాయి.

స్కూల్లో సరిగ్గా నేర్చుకున్నది ఒక్క ఖో-ఖో.

ఎనభైల నాటి మాట. గీతలు గీయడానికి స్కూల్లో సున్నం ఉండేది కాదు. డ్రిల్ సార్ యార్డులో ఊడ్చిన పసుపు దుమ్ము తెప్పించి దాంతోనే కోర్టు గీయించేవారు. సాయంత్రానికి మా అరికాళ్లన్నీ పచ్చగా. ఎవడు ట్యూషన్‌కు పోయాడో, ఎవడు ఎగ్గొట్టి ఆడాడో, అమ్మలు కాళ్లు చూసి చెప్పేవాళ్లు. మోకాలు పగిలితే ఫస్ట్ ఎయిడ్ ఆ గీత మీదే దొరికేది.

నిజామాబాద్‌లో జిల్లా పోటీలకు పోతే అక్కడ తెల్ల గీతలు! మా మొదటి రన్నర్‌కు పచ్చ గీత ఎక్కడా కనబడక, గ్రౌండ్ దాటి సైకిల్ స్టాండ్ దాకా ఉరికాడు.

సరే, పక్కకు పోయాను. అసలు మాట దగ్గరికి రావాలంటే భయమేస్తోంది. అందుకే చుట్టూ తిరుగుతున్నాను.

ఆ పోటీల్లోనే ఫైనల్.

ఖో-ఖోలో వరసలో కూర్చున్నవాడు తనంతట తాను లేవకూడదు. తరుముతున్నవాడు వెనక నుంచి వచ్చి, వీపు తట్టి "ఖో" అంటేనే లేవాలి. తరిమేవాడు వరస మధ్యలోంచి అటు దాటకూడదు, చివరనున్న పోల్ చుట్టూ తిరిగి రావాల్సిందే.

ఆఖరి నిమిషం. తరుముతున్నది నేను. నా ముందు భూమన్న వీపు. వాడికి అటువైపు, చేయి చాపితే అందేంత దూరంలో రన్నర్.

వీపు తడితే చాలు. గెలిచేవాళ్లం.

తట్టలేదు. ఆ పాయింట్ నాకే కావాలి. పోల్ చుట్టూ తిరిగొచ్చి నేనే పట్టాలనుకున్నాను. సగం తిరిగేసరికి విజిల్.

ఆ ఒక్క పాయింట్‌తోనే ఫైనల్ పోయింది.

వాపస్ వచ్చేటప్పుడు బస్సులో అందరం భూమన్న మీద పడ్డాం. అందరికంటే గట్టిగా నేనే.

"నీ ముంగటి నుంచే పాయె గదరా! జర లేస్తె ఏం పోయె నీది?"

"నువ్వు ఖో అనలె గదరా," అన్నాడు. అంతే.

డ్రిల్ సార్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు. "గాడు నేర్సుకున్నడురా. నేర్వనిది మీరు."

ఆ మాట నన్నే చూసి అన్నారు. నేను కిటికీలోంచి మాక్లూర్ మక్క చేన్లు చూస్తూ కూర్చున్నాను.

నిజంగానే నేర్చుకున్నాడు. మరీ ఎక్కువ నేర్చుకున్నాడు.

తొంభైల్లో దుబాయ్ ఏజెంట్ "నేను జెప్పేదాక ఆగు" అన్నాడని, బ్యాగ్ సర్దుకుని ఏడాది పాటు ఇంట్లోనే ఆగాడు. తోటివాళ్లు ఏజెంట్ ఇంటి ముందు కూర్చుని గొడవ చేసి వీసాలు తెచ్చుకున్నారు. వీడు మాత్రం కదల్లేదు. చివరికి ఆ బ్యాగ్‌లో కందిపప్పు పోసుకున్నారు.

ఈ మధ్య పెద్దమనిషినని స్కూళ్లలో స్పోర్ట్స్ డేకు నన్ను పిలుస్తున్నారు. ఆటలు ఓపిక నేర్పుతాయి పిల్లలూ అంటూ భూమన్న కథే చెప్పేవాణ్ని. చప్పట్లు బాగా పడేవి. ఖో ఇవ్వనివాడు ఎవడో మాత్రం ఏ ఒక్క స్కూల్లోనూ చెప్పలేదు.

పోయిన వారం బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చుని కనిపించాడు. అటు తిరిగి ఉన్నాడు. ఒడిలో ఏదో ప్లాస్టిక్ కవర్. బండి స్లో చేశాను కూడా.

ఏర్గట్లలో దావత్. లేటైతే మటన్‌లో బొక్కలే మిగులుతాయి. రేపు మాట్లాడదాంలే అనుకుని పోయాను.

ఆ కవర్‌లో ఏముందో నిన్న లక్ష్మి తెచ్చి చూపించింది. దవాఖాన కాగితాలు. గుండె. లేట్ చేయొద్దు, తోడుగా ఒకరిని తీసుకుని హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకో అన్నారట. రెండు నెలలైంది.

"నీకు జెప్పుమన్న అన్నా. అందరి కాయితాలు నువ్వే సదువుతవ్, అందర్ని నువ్వే దవాఖానకు తోల్కపోతవ్ అన్న. ఆయినేమో ఎవలన్న అడిగితె జెప్తతియ్యే అనెటోడు."

కవర్ నా చేతిలో పెట్టి అంది.

"ఎవలు అడుగకపోయిరి."

సగం ఆర్మూర్‌కు కాగితాలు చదివి పెట్టిన పెద్దమనిషిని. నా దోస్తు కాగితం నేను చదివేసరికి, దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఆటల వల్ల పిల్లలకు ఏమొస్తుందని ఇక నన్ను అడగకండి. ఒకడు కూర్చోవడం నేర్చుకున్నాడు. ఒకడు తట్టడం నేర్చుకోలేదు. నాకు తెలిసింది అంతే.

స్నానం చేయించడానికి వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్లంతా పసుపు రాశారు. అరికాళ్లు అచ్చం అప్పట్లాగే.

పక్కకు ఒరిగిపోకుండా వెనక నుంచి పట్టుకున్నది నేనే. వీపు మీద చేయి వేశాను.

ఖో, అన్నాను. ఎవరికీ వినబడకుండా.

లేవలేదు.

ఇక ఎవరి పిలుపు కోసమూ ఆగే పని లేదు భూమన్నా. పోయిరా. అక్కడైనా నీ మనసు నిమ్మళంగా ఉండాలి.