స్పీకర్ పెట్టెలో నా పేరు

వంటింటి గట్టు మీద, పోపులపెట్టె పక్కన, మా అమ్మాయి మేఘ ఈ సాయంత్రం స్కూలు నుంచి వస్తూనే పడేసిన పెన్సిలు ఒకటి ఉంది. ఈ రోజు మేఘ పుట్టినరోజు. ఊదారంగు మెరుపు కాగితం చుట్టి, వెండి అక్షరాలతో శుభాకాంక్షలు అచ్చువేసిన పెన్సిలు, ఇంకా చెక్కలేదు. ఎవరూ చూడకుండా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొత్త చెక్క వాసన, చివరనున్న గులాబీరంగు రబ్బరు వాసన, ఆ రెండింటి వెనకాల ఎక్కడో తడి ఊలు టోపీల వాసన. అంతే, ఎనిమిదేళ్ల పిల్లనై నేపర్‌విల్‌లో మూడో తరగతి గదిలో కూర్చున్నాను, కడుపు మండడం మొదలైంది. చిన్ననాటి జ్ఞాపకాలు తియ్యగా ఉంటాయని అందరూ అంటారు. నాది మాత్రం అచ్చమైన కుళ్లు.

నాన్న ఉద్యోగం కోసం మేము చికాగో దగ్గరున్న నేపర్‌విల్ వచ్చినప్పుడు నేను ఒకటో తరగతిలో చేరాను. ఎర్ర ఇటుకల స్కూలు, చుట్టూ పచ్చిక, అక్టోబరు వచ్చేసరికి గుమ్మం దాకా కొట్టుకొచ్చే మేపుల్ ఆకులు, చలి ముదిరాక గోడ పొడవునా వరసగా నిలబెట్టిన మంచు బూట్లు, వాటి కింద చిన్న చిన్న నీటి మడుగులు, హీటరు మీద ఆరేసిన చేతితొడుగుల ముక్క వాసన, మంచు కరిగాక ఫోర్ స్క్వేర్ ఆట గీతల మధ్య ఎగిరే ఎర్ర బంతి చప్పుడు, శుక్రవారం మధ్యాహ్నాల్లో ఎవరో ఒకరి అమ్మానాన్నలు వచ్చి వేయించే పాప్‌కార్న్ ఘుమఘుమ, అన్నీ గుర్తే. కానీ నా ప్రాణం మాత్రం బోర్డుకి పైన, గడియారం పక్కన బిగించిన ఒక చిల్లుల పెట్టెలో ఉండేది.

రోజూ పొద్దున్న కోట్లు కొక్కేలకు తగిలించి కూర్చోగానే ఆ పెట్టె గరగరమని గొంతు సవరించుకునేది. అందులోంచి ప్రిన్సిపాల్ గారు మాట్లాడేవారు. ముందు అందరం లేచి గుండెల మీద చెయ్యి వేసుకుని జెండాకి ప్రతిజ్ఞ చెప్పేవాళ్లం. ఆ తరవాత వార్తలు. మధ్యాహ్నం భోజనంలో పిజ్జానా, నూడుల్సా. ఎవరి ఎడమచేతి తొడుగు ఆఫీసులో ఉందో. మంచు వల్ల ఏ బస్సు ఆలస్యంగా వస్తోందో. పుస్తకాల సంత ఎప్పటినుంచో. పైజమాలు వేసుకుని రావలసిన రోజు ఏదో. మా ప్రపంచంలో జరిగేదంతా ఆ చిల్లుల్లోంచే మాకు తెలిసేది. అన్నిటికంటే చివర, పుట్టినరోజులు. ప్రిన్సిపాల్ గారు ఒక పేరు చదివి ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణంలో క్లాసంతా ఆ పేరుగల పిల్ల వైపు తిరిగేది. చప్పట్లు. ఆ పిల్ల లేచి ఒక్కతే ఆఫీసుకి నడిచి వెళ్లి, గాజు సీసాలోంచి మెరిసే పెన్సిలు ఒకటి ఏరుకుని వచ్చేది. ఆ రోజంతా తల మీద కాగితం కిరీటం, వరసలో అందరికంటే ముందు చోటు, మధ్యాహ్నం వాళ్లమ్మ తెచ్చిన కప్‌కేకులు.

నేను పుట్టింది జూలైలో. జూలైలో స్కూలు తాళం వేసి ఉంటుంది. అమ్మ సేమ్యా పాయసం చేసేది, కొత్త గౌను కుట్టేది, గుడికి తీసుకెళ్లేది, వచ్చాక భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఎప్పటిలాగే తెలుగు గుణింతాలు దిద్దించేది. ఆ ఎండాకాలాల పుణ్యమే నేనివాళ ఇలా రాయగలగడం. కానీ నా పేరు ఆ పెట్టె ఎన్నడూ పలకలేదు.

మా వీధి చివరింట్లో మా క్లాసు లాస్య ఉండేది. తనది అక్టోబరు, అదీ సరిగ్గా చెట్లన్నీ ఎర్రబడే వేళ. వాళ్లమ్మ సుధ ఆంటీ నారింజరంగు క్రీము పూసిన కప్‌కేకులు రెండు ట్రేల నిండా తెచ్చేది. లాస్య కిరీటం పెట్టుకుని బస్సులో నా పక్కనే కూర్చుని, పెన్సిలుని వెలుతురులో అటూ ఇటూ తిప్పేది. నేను కళ్లలో నిప్పులు పోసుకుని చూసేదాన్ని. దాని కప్‌కేకు కుళ్లుకుంటూనే తిన్నాను, కాగితం కూడా నాకాను.

"నీ బర్త్‌డే సమ్మర్‌లో కదా, సో స్కూల్‌కి నువ్వు పుట్టినట్టే తెలీదు," అంది ఒకరోజు, చాలా మామూలుగా.

మా టీచర్ మంచిది. ఎండాకాలం పిల్లలకి ఆరు నెలలు వెనక్కి లెక్కగట్టి అర పుట్టినరోజు చేద్దామంది. మిగతావాళ్ల అర పుట్టినరోజులు బడి రోజుల్లోనే పడ్డాయి. నాది మాత్రం వెతుక్కుని వెళ్లి జనవరి మొదట్లో, క్రిస్మస్ సెలవుల చివర్లో పడింది. సెలవులయ్యాక ఆ అర పుట్టినరోజు పిల్లలు ఒక్కొక్కరే పెన్సిలు తెచ్చుకుంటుంటే వాళ్లని చూసి కూడా ఏడ్చాను.

నాన్న చికాగో ఊళ్లోకి రైల్లో వెళ్లొచ్చేవాడు. చీకటి పడ్డాక చలిని కోటుకి అంటించుకుని ఇంట్లోకి వచ్చి, బూట్లు విప్పి, చేతులు వేణ్నీళ్ల కింద చాలాసేపు పెట్టుకుని, ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని తింటేగానీ మాట్లాడేవాడు కాదు. ఆ రోజు మాత్రం మొదటి ముద్ద దగ్గరే ఆగిపోయాడు.

"ఏమ్మా, అన్నం ముందు కూర్చుని ఏడుపేంటి?"

అంతా చెప్పాను. పెట్టె, పెన్సిలు, లాస్య, సెలవులు.

"ఓస్, ఇంతేనా! మీ ప్రిన్సిపాల్ గార్ని వేరే తారీఖు వెయ్యమంటే పోలా?"

"పుట్టినరోజు వెయ్యడమేంటండీ, గోడకి రంగా?" అంది అమ్మ.

"నాకు మా హెడ్మాస్టారే కదా వేశారు."

నాన్న వేళాకోళం ఆడలేదు. గోదావరి పక్కన వాళ్లూళ్లో తాతయ్య నాన్నని బడికి తీసుకెళ్లినప్పుడు, హెడ్మాస్టారు కుడిచేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవి అందుకోమన్నారట. వేళ్లు చెవికి తగిలాయి. అంటే బడి వయసు వచ్చినట్టే. జూలై ఒకటి అని రాసేశారు. వెనకాల నిలబడ్డ పిల్లాడికీ జూలై ఒకటే, వాడి వెనకవాడికీ అదే. నాన్న క్లాసులో సగం మంది ఒకే రోజున పుట్టారు. అందుకే పుట్టినరోజంటే బడి పెద్ద ఇచ్చేదని నాన్న లెక్క. ఎవరైనా వెళ్లి అడగొచ్చు.

"ఇక్కడ అలా కుదరదండీ, ఆవిడ నవ్విపోతుంది," అని అమ్మ తల బాదుకుంది.

"స్కూలు ఎక్కడైనా స్కూలేగా."

నిజంగానే సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసి, ఇంటర్వ్యూలకి కట్టే టై కట్టి, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. కాఫీ వాసన, జిరాక్సు మెషిను వేడి, కుర్చీ మీద వేలాడుతున్న ప్రిన్సిపాల్ గారి మంచుబొమ్మల స్వెట్టరు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది, కానీ ఆశ చావక అక్కడే నిలబడ్డాను. ఆవిడ ముందు రికార్డుల్లో తప్పు పడిందేమోననుకుని కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"తారీఖు కరెక్టే మేడమ్, కాకపోతే పనికిరావడం లేదు," అన్నాడు నాన్న తన గోదావరి ఇంగ్లీషులో.

తరవాత హెడ్మాస్టారి సంగతి చెప్పి, చెవి పరీక్ష నా మీద చేసి చూపించాడు. ఆవిడ పకపకా నవ్వి, తన చేతిని కూడా జుట్టు మీదుగా తిప్పి చెవి అందుకున్నారు. "మరి మీరు అసలు పుట్టిందెప్పుడు?" అని అడిగారు.

"తెలీదు మేడమ్. మా అమ్మకి ఆ రోజు వర్షం పడిందని గుర్తుంది గానీ తారీఖు గుర్తులేదు."

ఆవిడ నవ్వడం మానేశారు. లేచి గోడ క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, కాగితాలు తిప్పి, మార్చిలో ఏ పేరూ లేని గడి ఒకటి వెతికారు. "ఇది ఖాళీగా ఉంది," అని ఎర్ర పెన్నుతో రాయడం మొదలుపెట్టారు. నాన్నని ఏదో అడుగుతూ, ఆగుతూ రాశారు. నా రెండక్షరాల పేరుకి అంతసేపెందుకో నాకు తట్టలేదు. నా రోజు నాకు దొరికింది, చాలు.

ఆ సంగతి బస్సులో చెప్పగానే లాస్య మొహం మాడిపోయింది. "దట్స్ చీటింగ్," అంది. ఒకరు నన్ను చూసి ఏడవడం నాకదే మొదటిసారి. ఎంత బాగుందో చెప్పలేను.

ఆ రోజు రానే వచ్చింది. అమ్మ ముందురోజే రవ్వకేసరి చేసి, అక్కడివాళ్లకి తెలిసిన రూపంలో ఉండాలని కప్‌కేకు కాగితాల్లో ఒత్తి, ఒక్కోదాని మీద ఒక్కో జీడిపప్పు గుచ్చింది. నేను పట్టుపరికిణీ కట్టుకుని, కింద మంచు బూట్లు వేసుకుని వెళ్లాను. పెట్టె గరగరమంది. ప్రతిజ్ఞ అయింది. భోజనం సంగతి అయింది. ఎవరిదో టోపీ దొరికింది. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

"ఈ రోజు మూడో తరగతి రమ్య పుట్టినరోజు."

అయిపోయింది. రెప్ప వేసినంత సేపు. చప్పట్లకి చేతులు లేచాయి, కానీ పెట్టె ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"రమ్య వాళ్ల నాన్నగారి పుట్టినరోజు కూడా ఈ రోజే." కాగితం చప్పుడు. ఆ తరవాత ఆవిడ ఒక్కో మెట్టూ జాగ్రత్తగా ఎక్కుతున్నట్టు, ఒక్కో ముక్క దగ్గరా ఆగుతూ, "వీర... వెంకట... సత్యనారాయణ," అన్నారు. ఎక్కడా తడబడలేదు. అద్దం ముందు నిలబడి సాధన చేశారనిపించేంత శుభ్రంగా అన్నారు.

క్లాసంతా నోళ్లు తెరిచింది. నాన్నదీ కూతురిదీ ఒకే పుట్టినరోజా! చప్పట్లు మోగిపోయాయి, అవి నాకు కాదని నాకు తెలుసు. ఆ రోజంతా ఆటస్థలంలో నా చుట్టూ చేరినవాళ్లు అడిగిందల్లా ఆయన గురించే. మీ నాన్నకి కిరీటం ఉందా, మీ ఇంట్లో రెండు కేకులా, ఆ పేరు మళ్లీ చెప్పవా. కేసరి చిటికెలో ఖాళీ అయిపోయింది. చివరికి లాస్య కూడా, "యువర్ డాడ్ ఈజ్ సో లక్కీ," అంది. ఎదురుచూసింది నేను, ఏడ్చింది నేను, పేరు పొడుగ్గా ఉన్నందుకు రోజంతా నాన్న కొట్టేశాడు. కిరీటం కింద నా తల వేడెక్కిపోయింది.

ఆఫీసులో ప్రిన్సిపాల్ గారు పెన్సిళ్లు రెండు ఇచ్చారు. సాయంత్రం నాన్న గుమ్మంలో అడుగు పెట్టగానే మూతి ముడుచుకుని, "ఇదిగో, నీ పెన్సిలు," అని చాచాను.

నాన్న బూట్లు విప్పలేదు. తడి కోటుతో, బురద బూట్లతో తివాసీ మీదే నిలబడిపోయాడు.

"నా పేరు చెప్పారా? మైకులో?"

"ఊఁ."

"మొత్తం చెప్పారా?"

"ఊఁ."

"ఎలా అన్నారో ఒకసారి అను."

అన్నాను, ఆవిడ ఆగినచోటల్లా ఆగుతూ. మళ్లీ అనమన్నాడు. మళ్లీ అన్నాను. మూడోసారి అంటుంటే నాకు కోపంతో కన్నీళ్లొచ్చాయి, నాన్నకి ఎందుకొచ్చాయో అప్పుడు తెలియలేదు. నన్నొక్కసారి కూడా, 'నీ పేరెలా చెప్పారు' అని అడగలేదు.

మిడిల్ స్కూల్లో పుట్టినరోజులు చదివే అలవాటు లేదు. నాకు మార్చితో పని తీరిపోయి జూలైకి వెళ్లిపోయాను. నాన్న మాత్రం మార్చిలోంచి కదల్లేదు. పాస్‌పోర్టులో జూలై ఒకటి అలాగే ఉంది, కానీ అమ్మ కేసరి కలిపేది మార్చిలోనే. నా కోసం అడిగి తెచ్చిన రోజు నాన్నదైపోయింది. లాస్య ఇప్పుడు దూరంగా ఫ్రిస్కోలో ఉంటుంది. ఏటా మార్చిలో నాన్నకి తప్పకుండా ఫోన్ చేస్తుంది, జూలైలో నన్ను తప్పకుండా మరిచిపోతుంది.

మేఘ స్కూల్లో గోడకి పెట్టె లేదు. వార్తలన్నీ నా ఫోన్‌కే వస్తాయి, పుట్టినరోజు పిల్లల పేర్లు బెలూన్ల బొమ్మ మీద గుంపుగా వచ్చి వెళ్లిపోతాయి. ఇంటి నుంచి తినేవి ఏవీ తేకూడదు. ఒక పేరు చెప్పి, దాని తరవాత ఆగే గొంతు లేదు. నా స్కూల్లోనూ ఇప్పుడన్నీ తెరల మీదేనట. ప్రిన్సిపాల్ గారు రిటైరై ఎప్పుడో ఆ ఊరు విడిచి వెళ్లారు.

ఇందాక నాన్న మనవరాలికి శుభాకాంక్షలు చెప్పడానికి నేపర్‌విల్ నుంచి ఫోన్ చేశాడు. పెన్సిలు సంగతి మేఘే చెప్పింది. "నాకు ఫోర్ ఉన్నాయి తాతయ్యా. ఇట్స్ జస్ట్ ఎ పెన్సిల్."

"చెక్కకు తల్లీ, దాచుకో. నాది ఇంకా దేవుడి గూట్లోనే ఉంది," అన్నాడు.

నాది నేను ఆ మర్నాడే చెక్కి, వారం తిరక్కుండా అరగదీసి పారేశాను. ఫోన్ లాక్కున్నాను.

"నాన్నా, నా పేరొకసారి చెప్పు. మైకులో చెప్పినట్టు."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "రమ్య," అన్నాడు. అయిపోయింది.

"అంతేనా?"

"రెండక్షరాలే కదమ్మా, ఇంకెంతసేపు చెప్పను? ఏదీ, నాది చెప్పు."

చెప్పాను. ఆగాల్సిన చోటల్లా ఆగి, మొత్తం చెప్పాను. అవతల నుంచి నాన్న మళ్లీ చెప్పమన్నాడు. ఆ గొంతులో సంతోషం విని నాకూ సంతోషమే, కాదనను. కానీ ఆ మార్చి రోజు నాది.