సగం చెప్పిన చరిత్ర

ముంగాలి ఎముక విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాదు. ఎండిన కొబ్బరి మట్ట కాలి కింద పడి విరిగినట్టు ఉంటుంది. గల్ఫ్‌లో రువైస్ అనే చోట ఒక శుక్రవారం సాయంత్రం, ఫుట్‌బాల్ ఆడుతుండగా ఆ చప్పుడు విన్నాను. విరిగింది కడప వైపు నుంచి వచ్చి, ఇనుప పైపులతో పరంజాలు కట్టే ఒక స్కాఫోల్డింగ్ కార్మికుడి కాలు. తన్నింది మా గది మనిషి. తన్నించింది నేను.

రిఫైనరీ కడుతున్న రోజులవి. నేను టైమ్‌కీపర్ని. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి మా క్యాంపు జట్టుకు కెప్టెన్నయ్యాను. ఆట నేర్పింది మాత్రం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు. యాభై దాటిన మనిషి. తన ఊరి క్లబ్బు గురించి చెప్పనిదే మమ్మల్ని బంతి ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన ఇంగ్లీషులో చెబితే నేను మావాళ్లకు తెలుగులో చెప్పాలి.

ఆ క్లబ్బును పెట్టింది రేవు పక్క కబేళాలో గొడ్లను కోసే కూలీలట. ఆయన తాత వాళ్లలో ఒకడు. చేతుల మీద నెత్తురు ఆరకముందే మైదానానికి వచ్చేవాళ్లట. దొరల క్లబ్బులు వాళ్లతో ఆడేది లేదన్నాయి. ఆడిన రోజున జనం రాళ్లు రువ్వారు, పోలీసులు గుర్రాలతో తొక్కించారు. చాలా ఏళ్లకు ఫైనలుకు చేరారు. అందులో వాళ్ల డిఫెండరు ఎదుటి జట్టు మేటి ఆటగాడి కాలు కావాలనే విరగ్గొట్టాడు. కప్పు వచ్చింది.

పక్క క్యాంపుతో మా ఆటకు ముందురోజు ఆయన ఈ కథ చెప్పాడు. అక్కడితో ఆపలేదు. క్లబ్బువాళ్లే ఆ డిఫెండరును వెళ్లగొట్టి కప్పు తిరిగి ఇచ్చేశారని, క్లబ్బు గోడ మీద ఆ ఏటి ఫోటో ఉండాల్సిన చోట ఒట్టి మేకు ఉంటుందని చెప్పాడు.

నేను కప్పు దగ్గరే ఆపేశాను.

మా గదిలో ఆర్మూరు వైపు తాపీ మేస్త్రీ ఒకడుండేవాడు. నేనంటే గురి.

"కాలు ఇరగ్గొడ్తెనే కప్పొచ్చిందా అన్నా?" అన్నాడు.

"మరేమనుకున్నవ్? కసాయోళ్ల క్లబ్బది. మనోళ్లేమో బంతికి దండం పెట్టి తన్నుతరు."

అందరూ నవ్వారు.

"వాళ్లకున్నది ఆ కడపాయన ఒక్కడే గద. ఆయన్ను కూసోబెడ్తే ఖలాస్" అన్నాడు మేస్త్రీ.

"కాన్వాసు బూట్లతోని ఏం కూసోబెడ్తవ్‌రా? డ్యూటీ బూట్లేస్కో" అన్నాను.

డ్యూటీ బూట్ల ముందు భాగంలో ఇనుప రేకు ఉంటుంది. వాటితో ఆడకూడదన్నది రెండు క్యాంపుల కట్టుబాటు.

మర్నాడు ఆటలో కడపాయన వచ్చీ రాగానే రెండు గోల్స్ కొట్టాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను తలూపాను. కాలు విరిగాక పక్క క్యాంపువాళ్లు గోలుకు పాతిన ఇనుప పైపులు పీకి మా మీద పడ్డారు. తలలు పగిలాయి, ఒకడి పళ్లు ఇసుకలో రాలాయి. నేను నీళ్ల ట్యాంకరు వెనక నిలబడ్డాను.

మూడో రోజు రెండు క్యాంపులకూ మేనేజరు, మేం ముదీర్ అనే ఆయన, నన్ను పిలిచాడు. కడపాయనను పిండికట్టుతో మోసుకొచ్చారు. కొట్లాట కేసు మెడకు చుట్టుకుంటుందని సాక్ష్యానికి ఎవరూ రాలేదు. ముదీర్‌కు ఇంగ్లీషు, అరబ్బీ తప్ప రావు. కడపాయనకు ఆ రెండూ రావు. మధ్యలో నేను.

"ఇనుప బూటుతో కావాలనే తన్నినాడని చెప్పబ్బా. కాలు బాగయ్యేదాకా ఉండనిస్తే చాలు. పంపించినారంటే మళ్లా పైపులెక్కే పని నాకెవరిస్తారు?"

నిజం చెబితే మేస్త్రీని పట్టుకుంటారు. అతను నా పేరు చెబుతాడు. పరుగెత్తుతూ తనే జారిపడ్డాడని ముదీర్‌కు చెప్పాను.

"సెలవు రోజు ఆటలో పడితే కంపెనీకేం సంబంధం? ఖలాస్. వీసా క్యాన్సిల్" అన్నాడు ముదీర్.

ఆ మాటలు తర్జుమా చేయాల్సిన పని లేకపోయింది. కడపాయన మొహం చూడలేకపోయాను.

మిగతా కథ కూడా వాళ్లకు చెప్పావా అని ఇన్‌స్పెక్టరు అడిగితే చెప్పాననే అన్నాను. అంతా భయంతోనే చేశానని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. ముదీర్ ముందు భయపడ్డ మాట నిజమే. కానీ మైదానంలో తలూపినప్పుడు నాలో భయం లేదు. సంతోషం ఉంది.

కడపాయనను పంపించే రోజు నలుగురు ఎత్తి పికప్ వెనక పడుకోబెట్టారు. గతుకులకు కాలు కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టారు. నన్ను చూసి చెయ్యి చాపాడు.

"నువ్వు గట్టిగానే మాట్లాడినావబ్బా. ఆయనే ఇన్లేదు" అన్నాడు.

నేను అతని పెట్టె ఎక్కించి, వెనక తలుపు గొళ్లెం వేశాను.