అవ్వ ముడుపును మింగిన డబ్బీ

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నవ్వించడంలో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. ఆయన నవ్వాలంటే మాత్రం ఎవరో ఒకరు ఏడవాల్సిందే.

అణాలు పోయి నయాపైసలు వస్తున్న రోజుల్లో, చీరలు అమ్మడానికి హిందూపురం పోయి, సంతలో ఒక చెక్క డబ్బీ కొన్నాడు. అగ్గిపెట్టె అంత ఉండేది, చొక్కా జేబులో పట్టేది. సొరుగు లాగితే రూపాయి బిళ్ల పెట్టే గుంట కనిపిస్తుంది. బిళ్ల పెట్టి, మూసి, మళ్లీ లాగితే గుంట ఉత్తదే. లోపల ఒకదాని మీద ఒకటి రెండు సొరుగులుండేవి. అడుగున వేలితో నొక్కితే ఉత్త సొరుగు బయటికొచ్చేది. ఆ విద్య అంతా అంతే.

అమ్మ అప్పుడు పురిటికి పెనుకొండలో తన తల్లి, మా అవ్వ దగ్గరుంది. నేనూ అక్కడే ఉన్నాను. నా తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలూ పురుటింట్లోనే పోయారు. పుట్టిన బిడ్డను అమ్మమ్మే కాళ్లు చాపి పడుకోబెట్టుకుని నీళ్లు పోయాలన్నది మా ఇళ్లలో ఆనవాయితీ. ఆ ఇద్దరికీ అవ్వే పోసింది. ఈ బిడ్డయినా దక్కాలని కదిరి స్వామికి ముడుపు కట్టబోయింది. రూపాయిని పసుపునీళ్లలో కడిగి, పసుపుగుడ్డ పరుచుకుని కూర్చుంది. అప్పుడే నాయన హిందూపురం నుంచి రైలు దిగి వచ్చాడు.

"అత్తా, ఆ రూపాయి ఇట్లియ్యి. స్వామికి ఇష్టమైతే ఈ డబ్బీలో ఉంటాది. లేకుంటే పోతాది" అన్నాడు.

అవ్వ నమ్మి ఇచ్చింది. ఆయన సొరుగు మూశాడు, లాగాడు. గుంటలో ఏమీ లేదు.

"నీ చేతి ముడుపు వద్దంటాండాడు స్వామి" అని పడిపడి నవ్వాడు.

అవ్వ తన చేతులు రెండూ చూసుకుంది. పసుపుగుడ్డ మడిచి లోపలికి పోయింది. అన్నం తిన్నాక అసలు సంగతి చెబుదామనుకున్నాడట మహానుభావుడు. తిన్నాడు, నిద్రపోయాడు, లేచి రైలుకు టైమైందని డబ్బీ జేబులో వేసుకుని ధర్మవరం పోయాడు. ఆ నిద్ర తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తమ్ముడు పుట్టాడు. అవ్వ పక్కింటామెను పిలుచుకొచ్చింది.

"నా చేయి మంచిది కాదమ్మా. బిడ్డకు నువ్వే నీళ్లు పొయ్యి" అని, తను గడప అవతలే నిలబడింది.

పదకొండో రోజు పురుడుకు నాయన మళ్లీ వచ్చాడు. అవ్వ బిడ్డను ముట్టడం లేదని అమ్మ ఏడ్చి చెబితే అప్పుడు డబ్బీ తీసి, రెండు సొరుగులూ ఊడదీసి అవ్వ ముందు పెట్టాడు.

"ఉత్త ఆటత్తా ఇది. చూడు, నీ రూపాయి ఈడే ఉండాది."

రూపాయికి పసుపు ఇంకా అంటుకునే ఉంది. అవ్వ దాన్ని ముట్టుకోలేదు.

"నా మనసు నొచ్చుకుంటాదని ఇంకో రూపాయికి పసుపు పూసుకొచ్చినావప్పా. నువ్వు మంచోడివి" అంది.

నాయన ఒట్లు పెట్టుకున్నాడు. ఎన్ని పెట్టుకున్నా అవ్వ తల ఊపిందే గానీ నమ్మలేదు. నెల తిరక్కముందే ఆయన మగ్గాల దగ్గర మళ్లీ అదే డబ్బీ తీసి అందరినీ నవ్వించాడు.

తమ్ముడు నడక నేర్చి, పెనుకొండ పోయినప్పుడల్లా అవ్వ మీదికి చేతులు చాపి పరిగెత్తేవాడు. ఆమె చేతులు కొంగులో దాచుకుని వెనక్కి జరిగేది. "నన్ను ముట్టుకోవద్దు నాయనా" అనేది. వాడికోసం చేసిన బొరుగుల ఉండలు గిన్నెలో పెట్టి, నేల మీద వాడి వైపు తోసేది. వాడు తింటుంటే దూరంగా కూర్చుని చూసేది.

వాడు బడికి పోయే వయసులో అవ్వ పోయింది. అరుగు మీద పడుకోబెట్టారు. మనవడు అవ్వ నోట్లో బియ్యం వేయాలని పెద్దలు వాడి పిడికిట్లో బియ్యం పోసి ముందుకు తోశారు. వాడు కదల్లేదు. వెనక్కి తిరిగి నన్ను వెతికాడు.

"అక్కా, ఇప్పుడు అవ్వను ముట్టుకోవచ్చా?" అని అడిగాడు.

ముట్టుకోవచ్చన్నాను.