పత్రికలోకి ఎక్కిన వీరగల్లు

పెళ్లయి కోస్తా నుంచి బీరంగూడ వచ్చిన కొత్తలో మేము ఒక పెద్దమ్మ ఇంట్లో కిరాయికి దిగాం. మా ఆయన డ్యూటీకి వెళ్లాక నాకు తోడు ఆవిడే. దేశ చరిత్ర, శిల్పాలు, పాత కట్టడాల గురించి రాసే మాసపత్రిక ఒకటి నాకు పోస్టులో వచ్చేది. పెద్దమ్మకు చదువు రాదు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నేను పైకి చదివితే, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వినేది.

ఒకరోజు అందులో వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా చెక్కి నిలిపిన రాయి, బొమ్మ చూసి ఆవిడ చేతిలో పని ఆపేసింది.

"గిసొంటి రాయి మా అవ్వగారి పొలంల ఉండె బిడ్డా. మా అవ్వ పసుపు పెట్టి మొక్కేది. మా ఊరి ముచ్చట గీ పుస్తకంల ఎన్నడు రాస్తరు?"

ఆవిడ పుట్టింటి ఊరు బొంతపల్లి దాటాక వస్తుంది. ఆ ఆదివారమే ఇద్దరం బస్సెక్కాం. పొలం ఉన్న చోట ఫ్యాక్టరీ లేచింది. ప్రహరీ బయట, ముళ్లకంపల్లో, కత్తి ఎత్తిన వీరుడు ఒరిగిపోయి ఉన్నాడు. పెద్దమ్మ తాగే నీళ్లతో ఆ రాయి కడిగి, కొంగుతో తుడిచింది. నేను ఫోన్లో ఫోటో తీశాను. ఆవిడ చెప్పిందంతా రాసి పత్రికకు పంపాను.

నెలలు గడిచినా జవాబు రాలేదు. ఈలోగా పెద్దమ్మ ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చేశారు. పెద్దమ్మ కొడుకుతో తెల్లాపూర్ ఫ్లాట్‌కి వెళ్లిపోయింది. మేము ఇంకో సందులోకి మారాం. అప్పుడొచ్చింది ఆ సంచిక, అర పేజీలో మా రాయితో.

ఆ పూటే తీసుకెళ్లాను. పెద్దమ్మ బొమ్మ మీద వేలు పెట్టి నవ్వింది.

"రాజుల పక్కన మావోడు కూసున్నడు సూడు! మా అవ్వ పసుపు పెట్టింది రాసినవా?"

"రాశాను పెద్దమ్మా."

"గదే ఇంకోసారి సదువు."

మూడుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత అద్దాల కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "ఈడ మంచిగనే ఉంది బిడ్డా. ముచ్చట పెట్టెటోళ్లే లేరు."

ఆవిడకు ఫోన్లో సరిగా వినపడదు. అందుకే పత్రిక రాగానే తెల్లాపూర్ బస్సెక్కుతాను. తక్కిన రోజుల్లో, వంటిల్లు సర్దుకున్నాక, ఈ ఇంట్లో నాకు ఏమీ తోచదు.