తెల్లవారు అజాకు మారే నీళ్లు

మార్చి నెల, మంగళవారం, సాయంత్రం నమాజు తర్వాత. మసీదు అరుగు మీద ఉన్నవారు: నమాజు పిలుపు, అంటే అజా, ఇచ్చే మౌజన్ సాబ్, ఊరి మాజీ సర్పంచ్, పిల్లకాలువ మీద పై మడి రైతు, అతనికి వదిన వరసయ్యే కింది మడి ఆమె, నేను.

ఆ రోజు డైరీలో ఇంతే రాసుకున్నాను. మిగతాది గుర్తున్నంత వరకు చెబుతాను.

మా ఊరు బోధన్ అవతల, నిజాంసాగర్ కాలువ చివరి భాగంలో ఉంది. ముస్లింల ఇళ్లు కొన్నే. కానీ బర్రె తప్పిపోయినా, ఎవరైనా చనిపోయినా, రేషన్ బియ్యం వచ్చినా ఊరికి తెలిసేది మసీదు మైకులోనే. చెరుకు వేసిన కాలం నుంచీ పిల్లకాలువ నీళ్ల వంతులు కూడా అజాను బట్టే మారతాయి. రాత్రి అజా నుంచి తెల్లవారు అజా దాకా పై మడికి, అక్కడి నుంచి మధ్యాహ్నం అజా దాకా కింది మడికి, ఆ తర్వాత రాత్రి అజా దాకా మసీదు మడికి.

సోమవారం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మర్నాడు తెల్లవారుజామున మౌజన్ సాబ్ మైకు లేకుండానే అజా ఇచ్చారు. ఆ గొంతు పొలాల దాకా పోలేదు. పై మడి రైతు బాగా పొద్దెక్కేదాకా నీళ్లు వదల్లేదు. కింది మడిలో వరి పొట్ట మీద ఉంది, ఈనబోతోంది. బుధవారం సాయంత్రంతో కాలువ బంద్. ఈ తడి అందకపోతే పంట తాలు పోతుంది. ఆమెకు దక్కిన నీళ్లు ఒక మూలకే సరిపోయాయి.

“చెవులల్ల పత్తి వెట్టుకున్నవా మరిదీ?” అందామె.

“వినవడితె గద వదినా! ఒడ్డు మీదనే కూసున్న.”

“పొద్దు నెత్తి మీదికొచ్చినంక గూడ నీకు తెల్లారలేదా?”

“వంతు పొద్దుకు లేదు, అజాకుంది.”

ఆమె తప్ప అందరూ నవ్వారు.

“ఫోన్ల టైము చూసుకోరాదుండ్రి?” అన్నాను.

“ఫోను ఎవని జేబుల వానిది సారూ. ఒకడు గంటయిందంటడు, ఇంకొకడు కాలేదంటడు. అజా అయితె ఊరంతా సాక్షి,” అన్నాడు మాజీ సర్పంచ్.

“నేనైతె ఇచ్చిన,” అన్నారు మౌజన్ సాబ్.

ఆయన మాట నిజమే. పై మడి రైతు వినలేదన్నదీ నిజమే కావచ్చు. కానీ వీపు మీద ఎండ పడుతున్నా తెల్లారిందని తెలియలేదా అని నాకనిపించింది.

చివరికి మౌజన్ సాబే అన్నారు. “తప్పు మైకుది. మైకు మసీదుది. మసీదు మడిల నువ్వులున్నయ్, ఒక తడి లేకున్నా నడుస్తది. రేపు ఆ వంతు గూడ నువ్వే తీస్కో అమ్మా.”

“అది సరే సాబ్. రేపు తెల్లారి గూడ ఈయనకు వినవడకపోతె?”

“ఒడ్డు మీదికే వస్త. ఈయన చెవిల ఇస్త.”

“రాండ్రి సాబ్, చాయ్ నాది,” అన్నాడు పై మడి రైతు.

మర్నాడు చీకటి ఉండగానే నేనూ కాలువ మీదికి వెళ్లాను. కరెంటు ఇంకా రాలేదు. మసీదులో అజా ఇంకొకరికి అప్పజెప్పి వచ్చిన మౌజన్ సాబ్ కాలువ నీళ్లతో ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని, తూము పక్కన నిలబడి అజా అందుకున్నారు. సగం కూడా కాకముందే పై మడి రైతు కాలువకు అడ్డం వేసిన మట్టికట్ట తెంపడానికి పార ఎత్తాడు.

“అజా కానియ్యి మరిదీ. అందాక ఆగుత,” అందామె.

అతడు పార ఆనించి నిలబడ్డాడు. అజా పూర్తయ్యాక కట్ట తెంపాడు. ఆమె చీర ఎగ్గట్టుకుని, నీళ్లకు అడ్డం పడే గడ్డి పీకేస్తూ ముందు నడిచింది. మసీదు వంతు కూడా కలిసి, పొద్దు వాలేసరికి నీళ్లు మడి చివరి గట్టును తాకాయి.