సోంబ్రుకు అంటగట్టిన పరుగు

ఆరేళ్లుగా ఈ మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. నా నవల చదివి మీరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి ఉంటే, ముందుగా మీకే చెప్పాలి.

అందులో రోగమంటే జడిసే వైద్యుడున్నాడు. చావింట్లో నెయ్యి చాలలేదని అలిగే పురోహితుడున్నాడు. "పాత్రల్లో ఎంత వ్యంగ్యం!" అన్నారంతా. అందరికంటే నవ్వించింది సోంబ్రు. జ్వరంతో మూలుగుతున్న ఓవర్సియరును వదిలేసి, గంజికుండ నెత్తిన పెట్టుకుని ఘాటీ దిగి పరుగెత్తే కొండమనిషి. కదలకుండా కూర్చుని చివరిదాకా ఆయన నోట్లో నీళ్లు పోసేవాడు గుమాస్తా. ఆ గుమాస్తాను నేనే.

అబద్ధం. మేము అరకు దారి వేసే పనిలో ఉండగా మన్యం జ్వరం వచ్చి కూలీలు చెదిరిపోయారు. అదే జ్వరంతో పడిపోయిన ఓవర్సియరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. డాక్టరును తెస్తానని విడిపించుకున్నాను. తెచ్చానా? కొండ దిగి, మా అక్క ఇంట్లో నాలుగు రోజులు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. నాకు జ్వరం లేదు. ఆయనకు నీళ్లు పోసిందీ, పోయాక చితికి కట్టెలు కొట్టిందీ మాకు వంట చేసే సోంబ్రు. మరి నా పరుగు అతని కాళ్లకెందుకు తగిలించాను? కనీసం పేరైనా మార్చలేదేం? అతనికి చదువు రాదు గనక. అంతకంటే కారణం లేదు.

తన మీద పుస్తకం వచ్చిందని విని, విస్తర్లు కుట్టే అడ్డాకులు అమ్మడానికి సంతకొచ్చిన సోంబ్రు నన్ను పట్టుకున్నాడు.

"నా గురించి ఏటి రాసినావు బాబూ? బేగి సదువు."

పుస్తకం తెరిచి, అందులో లేని వాక్యాలు చదివాను. సోంబ్రు కదలలేదు, చివరిదాకా ఉన్నాడు అని. అతని కళ్లు తడిశాయి.

"మరి నీ గురించో?"

"లేదు," అన్నాను.

"రాయాల బాబూ. డాట్రుబాబు కోసరం అంత వానలో దిగినావు కదా. ఆయన దొరక్కపోతే నువ్వేటి సేత్తావు?"

అయ్యో సోంబ్రూ! దానికంటే చెప్పు తీసుకుని కొట్టి ఉంటే బాగుండేది.

పుస్తకం అడిగి పుచ్చుకున్నాడు. కొండవాళ్లు విత్తనాలు పురుగు పట్టకుండా పొయ్యి మీద పొగలో వేలాడదీస్తారు. చోళ్ల విత్తనాల పక్కన నా పుస్తకాన్నీ అలాగే కట్టాడట. మొన్న సంతలో అతని కూతురు కనిపించి గుణింతాలు అప్పజెప్పింది. మిషనరీల బడికి పోతోంది.

"ఒత్తులు వచ్చీసినాక అయ్యకి నేనే సదివి ఇనిపిత్తాను," అంది.

"బాగా చదువుకో తల్లీ," అన్నాను. ఇంకేమనను?

ఆ గుంట కంటే ముందు నేనే చెప్పాలి. అతని గుమ్మం తొక్కే ధైర్యం ఇంకా రాలేదు, అందుకే మీకు రాస్తున్నాను. సోంబ్రు పారిపోలేదు. పారిపోయింది నేను.

రాశాను. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది.